నిజమైన పేదలు జాబితాలోకి రావాలంటే

పేదలకు సాయం చేయడానికి మీరు తయారుచేసే జాబితాలో లోపం వడపోత దగ్గర లేదు, దరఖాస్తు దగ్గరే ఉంది. దరఖాస్తులు రెండుసార్లు జల్లెడ పట్టినా ఒంటరి వృద్ధులకు సాయం అందడం లేదన్నారు కదా, వాళ్లు అసలు దరఖాస్తే పెట్టి ఉండరు. మంచం పట్టినవాళ్లు, కాగితాలు లేనివాళ్లు, చదువు రానివాళ్లు మీ దాకా రాలేరు.

1. కొత్త ధ్రువపత్రాలు అడగడం ఆపండి. ఒక్కో కాగితం పెరిగేకొద్దీ ముందు జారిపోయేది నిరుపేదలే.

2. అందరూ వదిలేసే పని ఇది: జాబితాలో లేని ఇళ్లకు వెళ్లండి. చీటీలు తీసి కొన్ని ఇళ్లు ఎంచుకోండి, తెలిసినవాళ్లవి మాత్రమే కాదు. నెల ఆదాయం ఎంత అని అడగొద్దు. రోజుకూలీకి ఆ లెక్క ఉండదు. నిన్న ఎన్ని పూటలు తిన్నారు, సంపాదించేవాళ్లు ఎందరు, మందులకు అప్పు చేశారా అని అడగండి. డాక్టర్ రాసిన చీటీ మడతపెట్టి దాచి ఉండి, మందులు మాత్రం కొనలేదంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

3. అలా వెళ్లిన ఇళ్లలో అర్హులై ఉండీ జాబితా బయట ఉండిపోయినవాళ్లు ఎందరో లెక్కించండి. అనర్హులు ఎందరు దూరారో ఒక్కటే చూస్తే జాబితా బాగున్నట్టే కనిపిస్తుంది.

4. దరఖాస్తు అక్కడికక్కడే మీరే నింపండి.

5. ఎవరి పేరైనా తీసేస్తే కారణం చెప్పి, అప్పీలుకు గడువివ్వండి.