నాలుగున్నర నెలల పాపకు ఆకలి సిరప్ ఎందుకమ్మా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కడప. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాపకు నాలుగున్నర నెలలు. నెలలు నిండాకే పుట్టింది, అప్పుడు 2.8 కిలోలు. పద్నాలుగు వారాల టీకాకు వెళ్లినప్పుడు 5.3, నాలుగు నెలలు నిండినప్పుడు 5.7 ఉంది. పక్క ఫ్లాట్‌లో ఇదే వయసు బాబు 7.5 కిలోలు ఉన్నాడు. నా పాలు పలచగా ఉన్నాయి, పాపకు చాలడం లేదు అని మా అత్తగారు అంటున్నారు. రెండు వారాలుగా మెడికల్ షాపులో ఇచ్చిన ఆకలి సిరప్ రెండు పూటలా వేస్తున్నాం. ఇప్పుడు ఏడుపు తగ్గింది, రాత్రంతా పడుకుంటోంది. పడుకోబెట్టే ముందు ఒకసారి డబ్బాపాలు పడుతున్నాం. మలబద్ధకం చేస్తుందేమోనని నీళ్లు కాస్త ఎక్కువ కలుపుతున్నాం. ఇంకో రెండు నెలల్లో ఆఫీసుకు వెళ్లాలి. బరువు పెరగడానికి ఏ కంపెనీ పాలపొడి మంచిది?

జవాబు: పాలపొడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సిరప్ ఆపండి. రేపటి నుంచి కాదు, ఇది చదివిన పూట నుంచే. సీసా మాత్రం పారేయకండి, పాపతో పాటు పిల్లల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

మీరు మందు పేరు రాయలేదు. కాబట్టి అందులో ఏముందో ఇక్కడి నుంచి నేను ఖాయంగా చెప్పలేను. షాపుల్లో అడగ్గానే చేతిలో పెట్టే ఆకలి సిరప్‌లలో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టాడిన్. అది అలర్జీకి వాడే పాత రకం మందు. ఆకలి పెరగడం దాని సైడ్ ఎఫెక్ట్. మత్తు కూడా సైడ్ ఎఫెక్టే. రెండేళ్లలోపు పిల్లలకు అది సురక్షితమని రుజువు కాలేదు. మోతాదు ఎక్కువైతే పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు, ఊపిరి ఆగవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. సీసా మీద ఆ పేరు ఉందేమో చూడండి. లేకపోయినా డాక్టర్ చూసేదాకా వేయకండి.

ఏడుపు తగ్గింది, రాత్రంతా పడుకుంటోంది అని మీరు సంతోషంగా రాశారు. నాకు టెన్షన్ పెట్టిన మాట అదే. ఈ వయసులో కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎక్కువసేపు పడుకుంటారు, నిజమే. కానీ సిరప్ మొదలుపెట్టాకే ఈ నిద్ర వచ్చిందంటే అది మత్తు కావచ్చు. మత్తులో ఉన్న బిడ్డ పాలకు లేవదు. రాత్రి రెండుసార్లు తాగే పాలు పోతాయి. బిడ్డ తాగడం తగ్గితే తల్లికి పాలు పడటం కూడా తగ్గుతుంది. చివరికి బరువు కోసం వేసిన మందే బరువు తగ్గించేస్తుంది. మీరు ఇచ్చిన తూకాలన్నీ సిరప్‌కు ముందువి. మొదలుపెట్టాక పాపను ఒక్కసారైనా తూచారా? తూయకుండా మందు పనిచేస్తోందని ఎలా అనుకున్నారు?

పాప లేపినా సరిగా లేవకపోయినా, చూపు నిలపకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి తేడాగా ఉన్నా, ఏడెనిమిది గంటలు మూత్రం పోయకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఎంత రాత్రయినా దగ్గర్లోని పిల్లల ఎమర్జెన్సీకి వెళ్లండి.

డబ్బాపాల విషయంలోనూ మిమ్మల్ని కాస్త కోప్పడాలి. డబ్బా మీద ఎన్ని నీళ్లకు ఎన్ని స్కూపులని రాసి ఉందో అంతే కలపాలి. మన దగ్గర దొరికే చాలా రకాలకు 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక స్కూపు. నీళ్లు ఎక్కువైతే కడుపు నిండుతుంది గానీ బలం అందదు. అది ఒక్కటే అయితే ఇంత చెప్పను. పసిపిల్లల కిడ్నీలు ఎక్కువ నీళ్లను బయటికి పంపలేవు. పదేపదే అలా పడితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. మలబద్ధకానికి విరుగుడు నీళ్లు కలపడం కాదు. అసలు తల్లిపాలు తాగే పిల్లలు ఈ వయసులో మూడు నాలుగు రోజులకోసారి వెళ్లినా, విరేచనం మెత్తగా ఉంటే అది మలబద్ధకం కిందకు రాదు.

ఇక బరువు. మీ ఇంట్లో ఇంత గొడవ జరుగుతోంది గానీ, మీరు రాసిన అంకెలు చూస్తే నాలుగు నెలల వరకు పాప చక్కగా పెరిగింది. పుట్టిన బరువు అప్పటికే రెట్టింపు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పెరుగుదల పటాలు తల్లిపాలు తాగిన పిల్లలను చూసి తయారుచేసినవి, ఆ పిల్లల్లో మన ఢిల్లీ వాళ్లు కూడా ఉన్నారు. వాటి ప్రకారం నాలుగు నెలల ఆడపిల్లకు మధ్య గీత (సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది కింద ఉంటారు) 6.4 కిలోల దగ్గర ఉంటుంది, 5 కిలోలకు తగ్గితేనే తక్కువ బరువు అంటాం. మీ పాప పుట్టినప్పుడు మధ్య గీతకు ఎంత కింద ఉందో నాలుగు నెలలకూ దాదాపు అదే దారిలో ఉంది. మేం చూసేది ఆ దారినే. ఏడు కిలోలున్న బిడ్డయినా గీతలు దాటుకుంటూ కిందకు జారుతుంటే నేను కంగారుపడతాను. మీ తాయి కార్డులో (కర్ణాటకలో ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) ఈ పటం ఉంటుంది. ప్రైవేటులో చూపించుకుంటే టీకాల పుస్తకంలో ఉంటుంది. తీసి మూడు చుక్కలు పెట్టి అత్తగారికి చూపించండి.

పక్కింటి బాబు మాట వదిలేయండి. మగపిల్లలకు ఈ వయసులో మధ్య గీతే 7 కిలోలు. పైగా మూడు నెలలు దాటాక తల్లిపాల పిల్లల కంటే డబ్బాపాల పిల్లలు వేగంగా బరువెక్కుతారు. అలా వేగంగా ఎక్కిన బరువు తర్వాత ఊబకాయానికి దారి తీయవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015-16లో 2.1 శాతం ఉంటే 2019-21కి 3.4 శాతం అయ్యారు. బొద్దుగా లేరని బాధపడే ఇళ్లకు ఈ సంగతీ తెలియాలి.

అత్తగారి మీద నాకు కోపం లేదు, ఆవిడ ఆరాటమూ మనవరాలి కోసమే. కానీ తల్లిపాలు చూడటానికి పలచగానే ఉంటాయి, మొదట వచ్చేవి మరీను. తాగేకొద్దీ వెన్న శాతం పెరుగుతుంది. అందుకే ఒక వైపు పూర్తిగా తాగనిచ్చి, తర్వాత రెండో వైపు మార్చండి. ఇరవై నాలుగు గంటల్లో ఆరు, అంతకంటే ఎక్కువ డైపర్లు బాగా తడుస్తూ, మెలకువగా ఉన్నప్పుడు పాప హుషారుగా ఉండి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఇప్పుడు మీరు చేయాల్సింది రాత్రి కూడా లేపి పాలివ్వడం. మత్తు దిగాక పాప తనే లేస్తుంది.

చివరికి మీ ప్రశ్న. బరువు పెంచే పాలపొడి అంటూ ఒకటి లేదు. పాలపొడి అవసరమా అనేది ఈ వారం పాపను తూచి, మీరు పాలు పట్టే తీరు చూశాక మీ డాక్టర్ తేల్చాలి. పేరు రాసి పంపితే కొనేసుకుంటారని నేను ఇక్కడ ఏ పేరూ చెప్పను. ఏడాదిలోపు ఆవుపాలు కూడా వద్దు.

ఆఫీసుకు వెళ్లే సమయానికి పాపకు ఆరు నెలలు నిండి ఉగ్గు కూడా మొదలవుతుంది కాబట్టి మీ పాలు మాన్పించాల్సిన పని లేదు. పిండిన పాలు శుభ్రమైన మూత ఉన్న స్టీలు గిన్నెలో గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో తలుపు వైపు కాకుండా లోపల పెడితే ఒక రోజు వాడుకోవచ్చు. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో గిన్నె ఉంచితే చాలు. పట్టడానికి సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, కడగడం తేలిక. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని చట్టంలో ఉంది. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు) కూడా ఉండాలి. హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడగండి, చేరిన రోజు కాదు.

ఆరు నెలలు నిండాక బియ్యం, పెసరపప్పుతో ఉగ్గు, మెత్తగా మెదిపిన అరటిపండు, నెయ్యి వేసిన పప్పన్నం రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. చెంచా వంచితే జారిపోయేంత పలచగా చేయకండి. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర అక్కర్లేదు. తేనె అసలు నాకించవద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. గ్రైప్ వాటర్, వస అరగదీసి పోయడం లాంటివి కూడా ఉంటే సిరప్‌తో పాటే ఆపేయండి, డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ఈ రెండు మూడు రోజుల్లోనే బట్టలు, డైపర్ తీసి తూయించండి. తడిసిన డైపరే వంద గ్రాములు దాటుతుంది. వారం తర్వాత అదే మెషీన్ మీద మళ్లీ తూయించండి. ఈ వయసులో రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరిగితే సరిపోతుంది. పెరగకపోతే మూత్రం, రక్తం పరీక్షలు అవసరమా అన్నది డాక్టర్ చూస్తారు. విటమిన్ డి చుక్కల గురించి మీరేమీ రాయలేదు. వేయడం లేదంటే అదే రోజు అడిగి మొదలుపెట్టండి, రోజుకు 400 యూనిట్లు. మిల్లీలీటరుకు 400 యూనిట్లు ఉన్నవీ, 800 ఉన్నవీ దొరుకుతాయి. ఎన్ని చుక్కలో డాక్టర్ చేతనే సీసా మీద రాయించుకోండి.