తీరంలో ఖనిజ ఇసుక తవ్వకం: సరే అనే ముందు ఊరు అడగవలసినవి

శ్రీకాకుళం తీరంలో మీ ఊరి ఇసుక దిబ్బలను తవ్వే ప్రతిపాదన వచ్చిందనీ, గాలిమరలకూ విద్యుత్ వాహనాలకూ ఆ ఖనిజాలు తప్పవని చెబుతున్నారనీ, ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదనీ మీరు రాశారు. నాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం. మా దగ్గర లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వే ప్రతిపాదనపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నేను వెళ్లాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ అవసరం ఎంతవరకు నిజమో చూడాలి. తీరం ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ కలిసి ఉంటాయి. గాలిమరలకూ విద్యుత్ వాహనాల మోటార్లకూ పనికివచ్చే నియోడిమియం, ప్రసియోడిమియం లోహాలు ఉండేది మోనజైట్‌లో. వాటితోనే బలమైన శాశ్వత అయస్కాంతాలు తయారవుతాయి. అయితే మోనజైట్ వాటా చాలా తక్కువ, టైటానియం ఖనిజమైన ఇల్మనైట్ వాటా చాలా ఎక్కువ. ప్రపంచమంతటా టైటానియం ఖనిజాల్లో అత్యధిక భాగం వెళ్లేది పెయింట్లలో, ప్లాస్టిక్‌లో వాడే తెల్ల రంగుపొడి తయారీకే. గేరు పెట్టెతో నడిచే గాలిమరల్లో చాలావాటికి ఈ అయస్కాంతాలు అక్కరలేదు. మా పాలమూరు చెలకల్లో పరిచిన సోలార్ పలకలకు సిలికాన్, వెండి, రాగి, అల్యూమినియం చాలు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో తలపెట్టిన బ్యాటరీల పరిశ్రమకు కావలసిన లిథియం మీ ఇసుకలో దొరికేది కాదు. అలాగని అవసరమే లేదని అనను. అయస్కాంతాల కోసం మన దేశం ప్రధానంగా చైనాపై ఆధారపడి ఉంది, 2025 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ కంగారు పడింది. కాబట్టి తవ్విన దానిలో అయస్కాంతాల వరకు వెళ్లేది ఎంత, పెయింట్ల పరిశ్రమకు వెళ్లేది ఎంత అని లెక్క అడగడం మీ హక్కు.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది నీరు. ఇసుక దిబ్బ వాననీటిని పీల్చుకుని, కింద ఉన్న ఉప్పునీటి మీద మంచినీటి పొరను నిలబెడుతుంది. దిబ్బను లోతుగా తవ్వితే, లేదా ఖనిజాన్ని వేరుచేయడానికి అక్కడి నీటినే విపరీతంగా తోడితే, ఆ ఖాళీలోకి ఉప్పునీరు వస్తుంది. మిగిలిన ఇసుకను తిరిగి నింపినా దిబ్బ ఎత్తు, దాని మీది సరుగుడు తోటలు వెంటనే తిరిగి రావు. 2018లో తిత్లీ తుఫాను చూసినవారికి గాలికీ అలలకూ ఆ దిబ్బలు వేసే అడ్డు విలువ నేను చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగినవాడిని కనుక, చెడిన బావి మళ్లీ బాగుపడుతుందన్న హామీని నేను సులభంగా నమ్మలేను.

మోనజైట్‌లో రేడియేషన్ వెలువరించే థోరియం అనే లోహం ఉంటుంది. ఇసుకలో చెదిరి ఉన్నప్పటికంటే, వేరుచేసి ఒకచోట పోగుచేసినప్పుడు దాని రేడియేషన్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. అందువల్ల దాన్ని ఎక్కడ నిల్వ చేస్తారో, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఏ షరతులతో ఉందో అడగండి.

2003లో మా దగ్గర జరిగిన ఆ సభలో తండాల నుంచి వచ్చిన రైతులు వ్యర్థాల చెరువు ఎక్కడ కడతారనీ, నాగార్జునసాగర్ జలాశయానికి అది ఎంత దూరమనీ అడిగారు. ఆ గనులు ఇప్పటికీ మొదలుకాలేదు. దానికి కారణాలు అనేకం ఉండవచ్చు, కాని నలుగురి ముందు అడిగి రికార్డు చేయించిన ప్రశ్నకు బలం ఉంటుందని నేను అక్కడే గ్రహించాను. మీకు అటువంటి సభ జరగకపోవచ్చు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. తీర ఇసుక ఖనిజాలు అణు ఖనిజాల జాబితాలోనే ఉన్నాయి. ఇది సరైన నిర్ణయం కాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఏ బావి ఏ నెలలో ఎండుతుందో ఊరివారికి తెలిసినంతగా నివేదిక రాసేవారికి తెలియదు.

అందుచేత సభ కోసం ఎదురుచూడకుండా గ్రామసభ పెట్టించి, తవ్వే లోతు, నీటి వనరు, మోనజైట్ నిల్వ, దిబ్బల పునరుద్ధరణ గడువు, వేట పడవలకు దారి, కౌలు రైతులకూ మత్స్యకారులకూ పరిహారం గురించిన ప్రశ్నలతో తీర్మానం చేయించండి. దాని ప్రతులను కలెక్టరుకూ, పర్యావరణ మంత్రిత్వ శాఖకూ రసీదు తీసుకుని పంపండి. తవ్వకం మొదలుకాకముందే వేసవిలోనూ, వానల తర్వాతా ఊరి బావుల నీటిమట్టాన్నీ ఉప్పదనాన్నీ ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి పెట్టుకోండి. ఆ పాత లెక్క చేతిలో లేకపోతే తర్వాత నీరు చెడిందని రుజువు చేయడం చాలా కష్టం.