ఆపరేషన్‌కు వెళ్ళబోయే మేనకోడలికి

సోంపేట

ప్రభువునందు ప్రియమైన మేనకోడలికి అత్త వందనాలు.

అల్లుడు గారికి నీ కిడ్నీ ఇవ్వడానికి నిశ్చయించుకున్నావనీ, పరీక్షలన్నీ సరిపోయాయనీ, వచ్చే నెలలో విశాఖపట్నంలో ఆపరేషన్ అనీ మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల మీద మీ నాన్న చెప్పాడు. ఆ మాట విన్నాక ఇంటికి ఎలా చేరానో నాకు గుర్తులేదు. 2018లో తిత్లీ తుపానుకు మన కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో నేలకూలినప్పుడు, విశాఖ నుంచి బియ్యం మూట, కొవ్వొత్తులు మోసుకుని బస్సులో నిలబడి వచ్చిన పిల్లవు నువ్వే కదా అని గర్వపడ్డాను. ఇంత పెద్ద సంగతి నాకు నీ నోటితో చెప్పలేదని కోపం కూడా వచ్చింది. ఆ రెండింటి కంటే భయం ఎక్కువగా ఉన్నందువల్లనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆపరేషన్‌కు ముందు చేయవలసినవి ఆసుపత్రి వారే చెబుతారు. భార్యను చట్టం దగ్గరి బంధువుగానే చూస్తుంది కనుక కాగితాల పని పెద్దగా చిక్కు పెట్టదు. సెలవు ముందే పెట్టుకో, పిల్లలను మీ అమ్మ దగ్గర ఉంచు. ఆ రోజు వచ్చేవరకు అల్లుడు గారు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు చేయించుకుంటున్న డయాలసిస్‌ను ఒక్కసారి కూడా మానకూడదు, నీళ్ళు కొలత దాటకూడదు.

నన్ను నిద్ర పోనివ్వనివి మీ నాన్న చెప్పిన మరి రెండు మాటలు. ఆపరేషన్‌కు ముందు ఇద్దరూ ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేయాలనుకుంటున్నారట. డిశ్చార్జి అయిన నెలకే సంఘ వార్షికోత్సవంలో నిలబడి, ప్రభువు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడని సాక్ష్యం చెబుతామని మాట ఇచ్చారట. ఉపవాసం సంగతి డాక్టరు గారి ముందు పెట్టు, ఆయన వద్దంటే అక్కడితో మానుకో. ఆ స్థితిలో ఉన్న మనిషిని పస్తు ఉంచి ప్రభువును మెప్పించవలసిన అవసరం లేదు. సాక్ష్యం సంగతి మాత్రం నేను వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని వెనుక మీ మామయ్య చావు ఉంది.

1986 వేసవిలో మీ మామయ్యకు క్షయ అని తేలింది. సూదులు, మాత్రలు కలిపి ఏడాదిన్నర వాడాలని ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పారు. నాలుగో నెల వచ్చేసరికి దగ్గు తగ్గింది, బరువు పెరిగింది, బడికి మళ్ళీ వెళ్ళసాగారు. ఆ రోజుల్లోనే మా ఊరికి ఒక ప్రసంగీకుడు వచ్చి మూడు రాత్రులు స్వస్థత కూటములు పెట్టాడు. రెండో రాత్రి మీ మామయ్య తల మీద చేతులుంచి ప్రార్థించి, ఇంట్లో మందుల సీసా దాచుకున్నవారు హృదయంలో అవిశ్వాసం దాచుకున్నట్టేనని అన్నాడు. మీ మామయ్య ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చి మాత్రలన్నీ పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది నేను. ఆయన గుమ్మంలో నిలబడి, "ఆసుపత్రిలో ఒకమాట అడిగి చూద్దామా" అని నెమ్మదిగా అన్నారు. నేను ఆయన విశ్వాసాన్ని ఆక్షేపించాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఈనాటికీ తెలియదు.

ఆ తరువాతి ఆదివారం సంఘమంతటి ఎదుట నిలబడి నా భర్తకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు, మా ఇంటికి ప్రార్థన మనవులు తెచ్చేవారు కూడా మొదలయ్యారు. అయిదు నెలలకు దగ్గు తిరిగి వచ్చింది. ఆనాడే ఆసుపత్రికి పరుగెత్తి ఉంటే ఆయన బతికేవారేమో. కాని నేను సాక్ష్యం చెప్పి ఉన్నాను. దగ్గు మళ్ళీ వచ్చిందంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది, లేదా నా ప్రభువు అబద్ధికుడైనట్టవుతుంది అనుకున్నాను. పొరుగువారికి వినిపించకూడదని ఆయన దిండులో మొహం పెట్టుకుని దగ్గేవారు, నేను కిటికీలు మూసేదాన్ని. అలా మూడు నెలలు గడిపాము. దిండు గలీబు మీద రక్తం చూసిన రోజున తీసుకువెళ్తే, మధ్యలో మానేసినందువల్ల క్రిములు మందులకు లొంగకుండా మొండికెత్తాయని డాక్టరమ్మ చెప్పింది. 1989 క్రిస్మస్‌కు ముందు ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

అమ్మడూ, నా విశ్వాసాన్ని కూల్చింది ఆయన మరణం కాదు, ఆ మూడు నెలల అబద్ధం. ఏ దేవుని కోసం దాచానో ఆ దేవుని ఎదుటికి వెళ్ళడానికి మొహం చెల్లక ఏడాదికి పైగా మందిరం గడప తొక్కలేదు. మా సంఘంలో ఒక ముసలమ్మ ప్రతి శనివారం వచ్చి, ఒక్క వాక్యమైనా చదవకుండా, కత్తిపీట ముందు వేసుకుని నాకు కూర తరిగిపెట్టి వెళ్ళిపోయేది. ఒకనాడు జరిగినదంతా ఆమెకు చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూనే అంతా విని, "ఆదివారం నేను మీ వీధి మీదుగానే వెళ్తాను, కలిసి వెళ్దాం" అంది. అలా తిరిగి వెళ్ళాను.

అందుచేత, సాక్ష్యం చెప్పాలనుకుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పు. డాక్టర్లు ఆపరేషన్ చేశారని, మాత్రలు వేసుకుంటున్నారని, రాత్రిపూట భయం వేస్తున్నదని, ఆ భయంలో ప్రభువు విడిచిపెట్టలేదని చెప్పు. తరువాత ఏది జరిగినా దాచుకోనక్కరలేని మాటలే మాట్లాడు. లేదా ఏడాది ఆగు.

కొత్త కిడ్నీ పెట్టిన తరువాత అల్లుడు గారు జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. నీ కిడ్నీ ఎంత ప్రేమతో ఇచ్చినదైనా ఆయన శరీరానికి అది పరాయిదే. శరీరం దాని మీద తిరగబడకుండా ఆపేవి ఆ మాత్రలే. ఒంట్లో హాయిగా ఉన్న రోజున "ఇక దేనికి" అనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి విశ్వాసం పేరుతో మానమంటారు. వారికి బైబిల్లో హిజ్కియా రాజు సంగతి చదివి వినిపించు. బాగుపడతావని దేవుడే మాట ఇచ్చిన తరువాత కూడా ఆ రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించింది యెషయా ప్రవక్తే. సువార్త రాసిన లూకా వైద్యుడు. ఎందరినో బాగుచేసిన పౌలు, తనతో తిరిగిన త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వెళ్ళవలసి వచ్చింది. తన శరీరంలో ముల్లులా బాధపెట్టినదాన్ని తీసివేయమని మూడుసార్లు వేడుకుంటే ఆయనకు దొరికిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నదే. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా?

ఏ పాపం చేశారో అని అడిగేవారు కూడా వస్తారు. వారికి మన ఉద్దానాన్ని చూపించు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో మందిరానికి వెళ్ళేవారికీ, గుడికి వెళ్ళేవారికీ, కొబ్బరి తోటలో కూలికి వెళ్ళేవారికీ కిడ్నీలు పాడయ్యాయి. ఇన్నేళ్ళ పరిశోధన తరువాత కూడా కారణం ఖాయంగా తేలలేదు. పుట్టు గుడ్డివాడిని చూపి శిష్యులు అడిగినప్పుడు, వాడైనా వాని కన్నవారైనా పాపం చేయలేదని ప్రభువే చెప్పాడు. ఆ మాట నీ పిల్లలకు నువ్వే చెప్పు, ఇతరుల నోట వేరే మాట వినకముందే.

ప్రార్థన రాని రోజులుంటాయి. మీ మామయ్య చివరి నెలల్లో 88వ కీర్తన చదవమనేవారు. అది చీకటితోనే ముగుస్తుంది కనుక నాకు ఇష్టముండేది కాదు. "అలా ఏడ్చినవాడి పాటను కూడా గ్రంథంలో ఉంచారు కదా, చదువు" అనేవారు. నువ్వు కూడా దేవుని మీద అలిగితే అలిగినట్టే ఆయనతో చెప్పు. మాటలు దొరకకపోతే సంఘాన్ని ప్రార్థించనివ్వు. ఆపరేషన్ తరువాత కొన్ని నెలలు జనంలోకి వెళ్ళవద్దంటారు; ఆదివారం పోయిందని బాధపడక, పాస్టరు గారిని ఇంటికి వచ్చి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వమని అడుగు. సంఘం డబ్బు పోగుచేసి ఇస్తే పౌరుషపడకుండా తీసుకో.

ఇంకొకటి రాయడానికి చేయి ఆడడం లేదు, అయినా రాస్తాను. కొన్నిసార్లు పెట్టిన కిడ్నీ నిలవదు. అలా జరిగితే నీ త్యాగాన్ని దేవుడు తోసివేశాడని అనుకోకు, అల్లుడు గారు నీ మొహం చూడలేక కుమిలిపోతుంటే ఆయనను ఒంటరిగా వదలకు, కిటికీలు మూయకు. ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. నేను ఉపదేశం చెప్పను.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందే నేను బయలుదేరి వస్తాను, మూడు నెలలుంటాను, వద్దని చెప్పకు. పూటపూటకు గడులున్న మాత్రల డబ్బా ఒకటి కొని ఉంచాను. తుపాను తరువాత మళ్ళీ నాటిన మొక్కల్లో బావి పక్కది ఈ ఏడు కాపుకు వచ్చింది. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి అల్లుడు గారు కొబ్బరి నీళ్ళ రుచి ఎరుగరు కదా. డాక్టరు గారు సరేనన్న రోజున ఆ చెట్టు బొండాం దింపిస్తాను, అప్పటిదాకా గెల మీద ఎవరినీ చేయి వేయనివ్వను.

మీ అత్త