ఒకసారి హెచ్-1బీ లాటరీ తగిలినవాళ్లు మళ్లీ లాటరీకి వెళ్లాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. 2021 అక్టోబరులో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద అమెరికా వెళ్లాను. 2024 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయి తిరిగొచ్చాను. వీసా గడువు కూడా అయిపోయింది. ఇప్పుడు విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడు కంపెనీల తరఫున లాటరీలో పేరు వేయిస్తాం, ఛాన్సు మూడింతలు అవుతుంది, రూ.3 లక్షలు కట్టమంటున్నారు. కట్టవచ్చా?

జవాబు: కట్టకండి. అసలు మీకు లాటరీతో పని ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఏటా కొత్తగా ఇచ్చే హెచ్-1బీలు 65 వేలు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టే లాటరీ. ఈ లెక్కలోకి ఒకసారి ఎక్కినవాళ్లను, హెచ్-1బీకి గరిష్ఠ గడువైన ఆరేళ్లలో వాడుకోకుండా మిగిలిన కాలానికి మళ్లీ లెక్కించరు. మీరు వాడింది సుమారు 2 ఏళ్ల 4 నెలలు. మిగిలిన 3 ఏళ్ల 8 నెలలకు కొత్త కంపెనీ మార్చి లాటరీ దాకా ఆగకుండా ఏ నెలలోనైనా పిటిషన్ (మీ కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) వేయవచ్చు. ఏడాదికి పైగా బయట ఉన్నారు కనుక మళ్లీ పూర్తి ఆరేళ్లు కోరవచ్చు గానీ, దానికైతే లాటరీ తప్పదు.

ఒక మెలిక ఉంది. పాత ఉద్యోగం యూనివర్సిటీలోనో, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలోనో అయితే మీరు ఆ లెక్కలోకి ఎక్కనే లేదు, మామూలు కంపెనీకి మారాలంటే లాటరీ తప్పదు. పాత ఐ-797 (పిటిషన్ ఆమోద పత్రం) తీసి, పిటిషన్ ఎవరు వేశారో చూడండి. దాంతోపాటు ఐ-94 రాకపోకల వివరాలు, డబ్ల్యూ-2లు (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), చివరి పే స్లిప్పులు, పాస్‌పోర్టులో స్టాంపులున్న పేజీలన్నీ దగ్గర పెట్టుకోండి. మధ్యలో ఇంట్లో పెళ్లికని 40 రోజులు గుంటూరులో ఉంటే ఆ 40 రోజులూ మీకు మిగులే. తేదీలు రుజువుతో చూపించి అడగాలి, అడగకపోతే ఎవరూ కలపరు.

అసలు అడ్డంకి వేరే ఉంది. 2025 సెప్టెంబరు 21 తర్వాత, అమెరికా బయట ఉండి చెల్లే హెచ్-1బీ వీసా లేనివాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్‌కు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. లాటరీ అక్కర్లేనివాళ్లకూ ఇది వర్తిస్తుంది. దీన్ని తెచ్చిన అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వులో మొదట పెట్టిన గడువు 12 నెలలు. పిటిషన్ వేసేనాటికి దాన్ని పొడిగించారో లేదో చూసుకోండి. ‘ఈ సొమ్ము మీరే కడతారా?’ అని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. సమాధానం దాటేస్తే ఆ ఆఫర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక మూడింతల ఛాన్సు మాట. 2024 మార్చి లాటరీ నుంచి ఎంపిక పాస్‌పోర్టును బట్టి, అంటే మనిషిని బట్టే. ఎన్ని కంపెనీలు పేరు వేసినా ఛాన్సు పెరగదు. 2026 నుంచి జీతం లెవెల్‌ను (ఒకటి తక్కువ, నాలుగు ఎక్కువ) బట్టి ఒకటి నుంచి నాలుగు చీటీలు వేస్తున్నారు. కంపెనీలు వేర్వేరు లెవెల్స్ చూపిస్తే అన్నిటికన్నా తక్కువదే లెక్క. మంచి జీతమిచ్చే కంపెనీ పక్కన ఒకటో లెవెల్ కన్సల్టెన్సీ చేరిందంటే ఉన్న ఛాన్సూ తగ్గుతుంది!

లాటరీ రిజిస్ట్రేషన్ రుసుము 215 డాలర్లే. ఇక్కడ కూడా, విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. వసూలు చేయగలిగింది గరిష్ఠంగా రూ.30 వేలు, పైన జీఎస్టీ. ఆ కన్సల్టెన్సీ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతకండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే యూపీఐ రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి, వెనక్కి ఇవ్వమని ముందు రాతపూర్వకంగా అడగండి.