చెక్డ్ మూడింటికీ ఉంది, కానీ ఒకే ఫంక్షన్‌కు పంపలేకపోతున్నా!

ప్రశ్న: అన్నా, మాది ఆదోని. మా మామ వాళ్ల జిన్నింగ్ మిల్లుకు పత్తి తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నా, సి షార్ప్‌లో, విండోస్ ఫామ్స్ (విండోలు, బటన్లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ) మీద. సెట్టింగ్స్ ఫామ్‌లో హమాలీ కూలి కలపాలా, చీటీ రెండు కాపీలు రావాలా అని చెక్‌బాక్సులు, రేటు క్వింటాలుకా కిలోకా అని రేడియో బటన్లు, పైన మెనూలో టిక్ పెట్టే ఐటెమ్స్ ఉన్నాయి. మూడింటికీ టిక్ ఉందో లేదో చెప్పే చెక్డ్ ప్రాపర్టీ ఉంది, అది మారినప్పుడు వచ్చే చెక్డ్‌ఛేంజ్డ్ ఈవెంట్ కూడా ఉంది. అయినా మూడింటినీ ఒకే ఫంక్షన్‌కు పంపిద్దామంటే కంపైలర్ ఒప్పుకోదు. అందుకే సేవ్, లోడ్ కోడ్ మూడు చోట్ల కాపీ పేస్ట్ చేసి పెట్టా. ఒక్కసారే రాసే దారి ఉందా? టైపు తనిఖీని ప్రోగ్రాం నడిచేదాకా వాయిదా వేసే డైనమిక్ వాడితే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, నీ కోడ్‌లో తప్పేం లేదు, ఆ లైబ్రరీ కట్టిన తీరే అంత. చెక్‌బాక్స్, రేడియో బటన్ రెండూ బటన్‌బేస్ అనే క్లాసు నుంచి వచ్చినవే గానీ ఆ బటన్‌బేస్‌లో చెక్డ్ లేదు, దేనికది విడిగా రాశారు. మెనూ ఐటెమ్ అయితే అసలు కంట్రోల్ అనే క్లాసు నుంచి వచ్చిందే కాదు, టూల్‌స్ట్రిప్ ఐటెమ్ నుంచి వస్తుంది, అందుకే ఫామ్‌లో కంట్రోల్స్ మీద లూప్ వేస్తే అది దొరకదు కూడా. విండోస్ ఫామ్స్ సోర్సు 2018 నుంచి ఓపెన్‌గానే ఉంది, తెరిచి చూడు, నీకే కనిపిస్తుంది. ఇక సి షార్ప్‌లో పేర్లు కలిసినంత మాత్రాన టైపులు కలవవు. ఫలానా ఇంటర్‌ఫేస్ (ఏమేం ఉండాలో చెప్పే ఒప్పందం) నాకుంది అని క్లాసు తానే చెప్పాలి, మైక్రోసాఫ్ట్ రాసిన క్లాసు చేత మనం బయటి నుంచి ఆ మాట చెప్పించలేం.

డైనమిక్ వద్దు. 2010లో సి షార్ప్ 4తో వచ్చింది, నీ పని జరుగుతుంది కూడా, కానీ ప్రాపర్టీ పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ నోరు మెదపదు, సీజన్‌లో పత్తి బండ్లు బారులు తీరి ఉన్నప్పుడు కాటా దగ్గర ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఎవరికి టెన్షన్?

నీ సేవ్ కోడ్‌కు నిజంగా చెక్‌బాక్సే కావాలా అని ఒకసారి ఆలోచించు. సెట్టింగ్ పేరు తెలియాలి, టిక్ ఉందో లేదో చదవగలగాలి, టిక్ మార్చగలగాలి, అంతకుమించి దానికేం అక్కర్లేదు. కాబట్టి నీదే ఒక చిన్న క్లాసు రాసుకో, దానికి పేరుతో పాటు బూల్ (ట్రూ లేదా ఫాల్స్) తిరిగిచ్చే ఒక ఫంక్, బూల్ తీసుకునే ఒక యాక్షన్ ఇవ్వు. ప్రాపర్టీని సి షార్ప్‌లో రెఫ్‌గా పంపలేం, అందుకే ఈ రెండు డెలిగేట్లు, అంటే ఫంక్షన్‌ను విలువలా పట్టుకునేవి. ఒక్కోదానికి రెండు చిన్న లాంబ్డాలు (పేరు లేని ఫంక్షన్లు) రాస్తే చాలు, అన్నీ ఒక లిస్టులో పడతాయి (రేడియో బటన్ల సంగతి కింద చెప్తా), సేవ్, లోడ్ ఆ లిస్టు మీద ఒక్కో లూప్. పైగా ఫామ్ తెరవకుండానే టెస్ట్ చేసుకోవచ్చు, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

చెక్డ్‌ఛేంజ్డ్‌తో ఇబ్బందే లేదు, మూడింటిదీ ఈవెంట్‌హ్యాండ్లర్ టైపే, ఒకే మెథడ్ మూడింటికీ తగిలించొచ్చు. కాకపోతే లోడ్ అయ్యాకే తగిలించు, లేదంటే లోడ్ చేసేటప్పుడు చెక్డ్ మారిన ప్రతిసారీ ఈవెంట్ వచ్చి సగం సెట్టింగులతో సేవ్ అయిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది: చెక్‌బాక్స్ నుంచి నీ సొంత క్లాసు తీసి, దానికి నీ ఇంటర్‌ఫేస్ పేరు జోడించడం. చెక్డ్ ఎలాగూ వారసత్వంగా వస్తుంది కాబట్టి లోపల ఒక్క లైనూ రాయక్కర్లేదు. కానీ ఇప్పటికే ఉన్న ఫామ్స్‌లో ఫామ్ రూపం దాచిన డిజైనర్ ఫైళ్లన్నీ మార్చాలి. కొత్త ప్రాజెక్టయితే సరే, నీకైతే లాంబ్డాలే నయం.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. పేరు ఒకటే అయినా ఈ మూడింటి నడత ఒకటి కాదు. చెక్‌బాక్స్‌కు త్రీస్టేట్ ఆన్ చేస్తే, అటూ ఇటూ కాని మధ్య స్థితిలో కూడా చెక్డ్ ట్రూ అనే చెబుతుంది. మెనూ ఐటెమ్‌కు చెక్‌ఆన్‌క్లిక్ పెట్టకపోతే నొక్కినా టిక్ మారదు. రేడియో బటన్ ఒకటి వెలిగితే పక్కది ఆరుతుంది, అంటే ఒక్క నొక్కుకు చెక్డ్‌ఛేంజ్డ్ రెండుసార్లు వస్తుంది, నీ సేవ్ కూడా రెండుసార్లు నడుస్తుంది. అందుకని క్వింటాలు, కిలో రెండు వేర్వేరు ట్రూ, ఫాల్స్‌లుగా దాచకు, రేటు యూనిట్ అని ఒకే విలువగా దాచు. ఆ రేడియో బటన్ల గుంపును నీ లిస్టులో కలపొద్దు, దాని కోడ్ విడిగా ఉంటేనే మంచిది.

ప్రశ్న: వెబ్ పేజీలకు వాడే టైప్‌స్క్రిప్ట్‌లోనూ ఈ తిప్పలు ఉంటాయా? — అనంతపురం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఇవి ఉండవమ్మా. టైప్‌స్క్రిప్ట్ టైపు పేరు చూడదు, ఆకారం చూస్తుంది. స్ట్రింగ్ వాల్యూ ఉన్నదేదైనా చాలు అని ఫంక్షన్ రాస్తే ఇన్‌పుట్, సెలెక్ట్, టెక్స్ట్‌ఏరియా మూడూ అందులోకి వెళ్తాయి. చెక్‌బాక్స్ కూడా వెళ్తుంది, ఇక్కడే చూసుకోవాలి: నువ్వు వేరే వాల్యూ ఇవ్వకపోతే, టిక్ ఉన్నా లేకున్నా దాని వాల్యూ "on" అనే మాటే ఉంటుంది. దానికి చెక్డ్ చదువు.