పాత గోల్ఫ్ కార్ట్‌కు లిథియం బ్యాటరీ పెట్టించి నల్గొండ రోడ్ల మీద నడపవచ్చా?

రిసార్ట్ వాళ్లు తీసేసిన 36 వోల్టుల బండి చవకగా వస్తోందని, లిథియం బ్యాటరీ, లైట్లు పెట్టించి క్లాక్ టవర్ సెంటర్ దాకా తిప్పవచ్చా అని ఒకరు అడిగారు. బండి బాగుపడుతుందా అంటే నిక్షేపంగా. నంబరు వస్తుందా అంటే రాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఫ్యాక్టరీలోనో ప్రహరీ లోపలో తిరగడానికే తయారైన బండి మోటారు వాహనం కిందకు రాదు. గేటు దాటితే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది జరగాలంటే ఆ మోడల్‌కు టైప్ అప్రూవల్, అంటే పరీక్షించి రోడ్డుకు పనికొస్తుందని ఇచ్చే ఆమోదం, ఉండాలి. 250 వాట్ల లోపు బండికి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది బ్యాటరీ కాక 60 కిలోలు మించని చిన్న స్కూటర్లకు. గోల్ఫ్ కార్ట్ మోటారే రెండు, మూడు కిలోవాట్లు ఉంటుంది. అమెరికాలో 1998 నుంచి తక్కువ వేగపు వాహనాలకు విడిగా ఒక తరగతి ఉంది. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ లెక్కలు వేసుకుంటే డబ్బు దండగ.

మా బత్తాయి తోటలో ఇలాంటి బండే పండ్ల క్రేట్లు మోస్తోంది. అందరూ ముందు బ్యాటరీ వైపు చూస్తారు. నేనైతే బ్రేకుల దగ్గర మొదలుపెట్టమంటాను. పాత బండ్లలో ఎక్కువగా వెనుక చక్రాలకే డ్రమ్ములుంటాయి, అవీ కేబుల్‌తో లాగేవే. 36ను 48 వోల్టులు చేస్తే వేగం మూడో వంతు పెరుగుతుంది, బ్రేకులు మాత్రం అవే. మా బండిని నేను 36 దగ్గరే ఉంచాను.

మోటారు పనికి బోరు మోటార్ల వైండింగ్ షాపుకు వెళ్లకండి. అక్కడ చేయి తిరిగినవాళ్లే ఉంటారు, కానీ వాళ్లది ఏసీ పని. ఇది బ్రష్షులున్న డీసీ మోటారు. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పే ఆటో ఎలక్ట్రీషియన్‌కు కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి భాగం) సంగతి బాగా తెలుసు. మరీ పాత మోడల్లో వేగం మార్చడానికి రెసిస్టెన్స్ కాయిల్స్ ఉంటాయి. నెమ్మదిగా నడిపినంత సేపూ కరెంటు వేడిగా పోతుంది కాబట్టి వాటిని పీకేసి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టించండి. సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్), లావు కేబుళ్లు కూడా అప్పుడే మార్చేయండి.

ఇక బ్యాటరీ. ఆరు లెడ్ యాసిడ్ బ్యాటరీలు కలిపి 170 కిలోల దాకా తూగుతాయి. 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ 40 కిలోల లోపే. బరువు దిగడంతో మా బండి దుక్కిలో కూరుకుపోవడం తగ్గింది. అయితే ఈ మోటారు బరువుతో కదిలేటప్పుడు 200 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఈ-రిక్షా ప్యాక్ తెచ్చి పెడితే గట్టు ఎక్కేచోట అంత కరెంటు ఇవ్వలేక బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) టప్పున కట్ అవుతుంది. కొనేటప్పుడు ఎన్ని ఆంపియర్లు, ఎన్ని సెకన్లు ఇస్తుందో అడిగి రాయించుకోండి. పాత చార్జర్‌ను దీనికి తగిలించవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో నిలిపి చార్జింగ్ పెట్టవద్దు, రాత్రి పెట్టుకోండి.

బజారుకు కూడా కావాలంటే నంబరున్న ఎలక్ట్రిక్ ఆటో కొనుక్కోవడమే మేలు. తోట వరకే చాలనుకుంటే, బేరానికి ముందు బ్యాటరీ ట్రే కింద ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడండి. క్లబ్ కార్ కంపెనీ బండి అయితే ఛాసిస్ అల్యూమినియంది కనుక తుప్పు బెడద లేదు. ఇనుప ఛాసిస్ ఆమ్లం కారి తుప్పు పట్టి ఉంటే, ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.