బోరు ఎండి, అప్పు మిగిలాక ప్రార్థన రాకపోతే?

మునుగోడు దిక్కు పత్తి పోయి అప్పులపాలైన ఒక విశ్వాసి అడిగిన ప్రశ్న ఇది.

ముందు తిండి, నిద్ర. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశం చేయలేదు. రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. హోరేబు కొండకు 40 రోజుల నడక ఆ తర్వాతే.

ఆపైన 13వ కీర్తన రోజూ పైకి చదవండి, ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ మొర, చివరివి నమ్మకం. చాలామంది ఫిర్యాదు దాటేసి నేరుగా స్తుతికి దూకుతారు, దుఃఖం లోపలే గడ్డకడుతుంది. నమ్మకం మాటలు నోట రాకపోతే నాలుగో వచనం దగ్గరే ఆగండి, తప్పులేదు. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది మరి.

అప్పుల లెక్క కాగితం మీద రాసి సంఘపెద్ద ఒక్కరికైనా చూపించండి. చావు ఆలోచనలొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి; అలా ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.